నాలుగో రీలు

మా బాపు గౌరయ్యను మేడ్చల్‌లో పదేళ్ళపాటు 'తారుమారు గౌరయ్య' అన్నారు. పెళ్ళి వీడియో మాట్లాడుకోవడానికి మా స్టూడియోకి వచ్చినవాళ్ళు కూడా, "గౌరయ్యా, అప్పగింతలు ముందు జూపెట్టి తలంబ్రాలు ఎన్క జూపెట్టవు గదా?" అని నవ్వేవాళ్ళు. బాపు కూడా వాళ్ళతో కలిసి నవ్వేవాడు. నవ్వలేనిదాన్ని ఆయన కూతురు పూజను, నేనొక్కదాన్నే. ఎందుకంటే ఆ తారుమారు చేసింది బాపు కాదు, నేను. ఆ సంగతి పదేళ్ళు ఎవరికీ చెప్పకుండా కడుపులో దాచుకున్నాను. అంత ధైర్యవంతురాలిని మరి!

మా బాపు ముప్పై ఏళ్ళు సినిమా ఆపరేటరు. మొదట డేరా టాకీసుల్లో చేశాడు, తర్వాత మేడ్చల్‌లోనే ఒక రేకుల హాల్లో. అన్నేళ్ళలో ఒక్క రీలు కూడా వెనకాముందు కాలేదని ఆయన గర్వం. హాలు మూతపడ్డాక బస్సు డిపో ఎదురుగా ఫోటో స్టూడియో పెట్టుకున్నాడు. ఆయనకు ఇంకో గర్వం కూడా ఉండేది. అది సినిమా చూడకపోవడం. మిషన్ పక్కన నిలబడి దాని చప్పుడు వినేవాడు తప్ప తెర వైపు తలెత్తేవాడు కాదు. "బొమ్మ జూసుకుంట నిలబడితే మిషన్‌ను ఎవడు జూస్తడు?" అనేవాడు. ముప్పై ఏళ్ళు సినిమాలు ఆడించి ఒక్క కథా తెలియని మనిషి ఈ భూమ్మీద మా బాపు ఒక్కడే అయి ఉంటాడు.

తొంభైల్లో మా ఊరి చుట్టూ కొత్త కాలనీలు లేచాయి. వాటిల్లో కోస్తా నుంచి వచ్చిన ఉద్యోగస్తులు ఇళ్ళు కట్టుకున్నారు. టెలిఫోన్ల ఆఫీసులో పనిచేసే జోగారావు గారు అలా కాకినాడ వైపు నుంచి వచ్చినవారే. ఆయనకు విదేశీ సినిమాల పిచ్చి. కాలనీ కమ్యూనిటీ హాల్లో నెలకొక ఆదివారం పొద్దున ఒక సినిమా వేసేవారు. డబ్బాలు సికింద్రాబాద్ నుంచి ప్యాసింజరు బండిలో వచ్చేవి. చిన్న ప్రొజెక్టరు మా ఇంట్లోనే ఉండేది. ఆడించేది బాపు.

ఆ సినిమాల భాష మాకెవరికీ రాదు. అందుకని జోగారావు గారు తెర పక్కన కుర్చీ వేసుకుని, ఇంగ్లీషులో వచ్చిన కథ కాయితం ఒళ్ళో పెట్టుకుని, మైకులో తెలుగులో చెప్పుకుపోయేవారు. హరికథ వింటున్నట్టే ఉండేది. కొందరు బొమ్మ కోసం కాక ఆయన మాట కోసమే వచ్చేవాళ్ళు.

ఇక్కడ నా ఉద్యోగం గురించి చెప్పాలి. కుటుంబాలతో కూర్చునే ఆట కాబట్టి ముద్దు సీను రాగానే లెన్సుకు చెయ్యి అడ్డం పెట్టాలని కమిటీ నియమం. బొమ్మ చూడని ఆపరేటరుకి ముద్దు ఎప్పుడొస్తుందో ఎలా తెలుస్తుంది? అందుకని సినిమా వచ్చిన రోజు మా ఇంట్లో గోడ మీద ట్రయలు వేసేవాడు. నేను చూసి గుర్తుపెట్టుకునేదాన్ని. ఆదివారం హాల్లో తలుపు దగ్గర లైట్ల స్విచ్చు పక్కన నిలబడి, ముద్దుకు కాస్త ముందు టార్చి వెలిగించేదాన్ని. బాపు చెయ్యి పెట్టేవాడు. అలా పద్దెనిమిదేళ్ళకే నేను మేడ్చల్‌లో అందరికంటే ఎక్కువ ముద్దులు చూసినదాన్నయ్యాను. అన్నీ గోడ మీదవే.

జోగారావు గారి అబ్బాయి ఫణిభూషణ్ నాతోపాటే ఇంటర్ చదివాడు. సినిమా పోస్టర్లు చేత్తో రాసేవాడు. వాటిని నేనూ అతనూ కలిసి రైల్వే స్టేషన్ దగ్గరా, మార్కెట్లోనూ అంటించేవాళ్ళం. నేను మైదాపిండి జిగురు పూస్తే అతను కాయితం పరిచేవాడు. రెండేళ్ళు అలా అంటించాం. ప్రేమ అన్న మాట ఇద్దరిలో ఎవరమూ అనలేదు. కానీ పోస్టరు అంటించడానికి నాలుగు గోడలు చాలినా మేం పద్నాలుగు గోడలు తిరిగేవాళ్ళం. నాకు ఆ పిల్లాడంటే ప్రాణం. ఇప్పుడు దాచుకోవడానికేముంది?

తొంభై ఏడులో ఫణికి విశాఖలో ఇంజనీరింగు సీటు వచ్చింది. తండ్రి కూడా అటే బదిలీ చేయించుకున్నారు. దసరా శనివారం పడింది. ఆదివారం సినిమా, సోమవారం వాళ్ళ ప్రయాణం. జోగారావు గారికి అదే ఆఖరి ఆట.

ఆ ఆటకు వచ్చింది స్లోవేనియా అనే దేశపు సినిమా. ఇటలీ పక్కన గోరంత దేశమని, విడిగా దేశమై ఆరేళ్ళే అయిందని జోగారావు గారు చెప్పారు. పేరు ఎవరికీ నోరు తిరగలేదు. నాలుగు రీళ్ళు. గురువారం నాడే మా గోడ మీద చూశాను. పదహారేళ్ళ పిల్ల, పదిహేడేళ్ళ పిల్లాడు. వేసవి సెలవుల్లో ఒక చిన్న ఊళ్ళో కలుస్తారు. మూడో రీల్లో ఇద్దరూ చెరువుకి పోతారు. ఆ పిల్ల చెప్పు ఒకటి నీళ్ళలో కొట్టుకుపోతుంది. పిల్లాడు ఈదుకుంటూ వెళ్ళి తెచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని ఆమె కాలికి తొడుగుతాడు. ఇద్దరూ పగలబడి నవ్వుతారు. నాలుగో రీల్లో సెలవులైపోతాయి, పిల్లాడు బస్సెక్కుతాడు. పిల్ల బస్సు వెంట పరిగెడుతుంది. పరుగులో అదే చెప్పు జారి ఎక్కడో పడిపోతుంది. దుమ్ములో ఒంటి చెప్పుతో నిలబడిపోతుంది. తర్వాత నాకు అర్థంకాని అక్షరాలు పడ్డాయి. అంతే సినిమా.

నేను చున్నీ నోట్లో కుక్కుకుని ఏడ్చాను. బాపు మిషన్ పక్కన ఉన్నాడు కాబట్టి చూడలేదనుకున్నాను.

శనివారం పొద్దున పూజకు మా అమ్మ బాలనర్సమ్మ ప్రొజెక్టరు తుడిచి బొట్టు పెట్టింది. మా ఇంట్లో దసరాకు పనిముట్లన్నిటికీ పూజ. కెమెరాకు, కత్తెరకు, స్టాండుకు బొట్లు పెట్టింది. ఇంట్లో ఉన్న రీలు డబ్బాలు మాత్రం ఏం పాపం చేశాయని వాటిని కూడా చింతపండుతో తోమి, కడిగి, పసుపు కుంకుమ పెట్టి వరసగా పేర్చింది. డబ్బాల మీద చాక్‌పీసుతో రాసిన నంబర్లు చింతపండు పులుసులో కొట్టుకుపోయాయి. ఆ సంగతి అప్పుడు ఎవరూ చూడలేదు.

సాయంత్రం ఫణి మా ఇంటికి వచ్చాడు. జమ్మి ఆకు అతని చేతిలో పెట్టాను. వాకిట్లో ఇద్దరమే ఉన్నాం.

"సెలవులకు వస్తవా?" అని అడిగాను.

ఫణికి అబద్ధం చెప్పడం రాదు. ఆ రోజుకైనా నేర్చుకుంటే బాగుండేది. "ఎవరొస్తారు పూజా?" అన్నాడు. "మా నాన్నకి ఇప్పటికి ఐదు బదిలీలు. ప్రతి ఊళ్ళోనూ మళ్ళీ వస్తామనే చెప్పాం. ఒక్క ఊరికీ వెళ్ళలేదు. వెళ్ళినవాళ్ళు రారు."

కోపం వచ్చింది, ఏడుపు వచ్చింది. రెండూ మింగి జొన్న రొట్టె పెట్టనా అని అడిగాను. వద్దన్నాడు. ఆ రాత్రంతా ఒకటే ఆలోచన. అసలే వెళ్ళినవాళ్ళు రారనే పిల్లాడు, రేపు ఆ బస్సు సీను చూసి ఎల్లుండి రైలెక్కితే, ఇంక మేడ్చల్ అనే ఊరుందని కూడా తలుచుకోడు.

ఆదివారం హాలు కిటకిటలాడింది. మూడు వందల మందికి తక్కువ లేరు. బాపు డబ్బాలు బయటికి తీసి నెత్తి కొట్టుకున్నాడు. "ఓయమ్మా, నంబర్లు వోయినయ్!" ఫిల్ము మొదట్లో ఉండే అంకెల ముక్కలు అంతకుముందే ఎక్కడో తెగిపోయాయి. బాపు నా వైపు చూసి, "నువ్వు జూసినవ్ గదా బిడ్డా, వరుసగా నువ్వే ఇయ్యి" అన్నాడు.

ఒక్కో డబ్బా తెరిచి, ఫిల్ము వెలుగుకు పెట్టి చూశాను. మొదటి రెండూ సరిగ్గానే ఇచ్చాను. రెండో రీలు ఆడుతుండగా చెరువు రీలు, బస్సు రీలు రెండూ నా ముందున్నాయి. ఒకటే ఆలోచన తట్టింది. బస్సు ముందు పోతే? చెప్పు పోయిన పిల్ల ఏడుస్తుంది. తర్వాత పిల్లాడు చెరువులోంచి చెప్పు పట్టుకొస్తాడు. అంటే తిరిగొచ్చినట్టే కదా!

రీలు అయిపోయి లైట్లు వేయగానే బాపు చేతికి నాలుగో డబ్బా ఇచ్చాను. బాపు దాన్ని పట్టుకుని ఒక్క క్షణం ఆగాడు.

"ఇదేనా?"

"ఇదే బాపు."

ఎక్కించాడు. నేను స్విచ్చు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. బస్సు సీను రాగానే మైకులో జోగారావు గారి గొంతు ఆగింది. కాయితాలు తిరగేస్తున్న చప్పుడు మైకులో గరగరలాడింది. అప్పుడు గుర్తొచ్చింది నాకు, చివర్లో అక్షరాలు పడతాయని. అవి పడితే సినిమా అయిపోయిందని పసిపిల్లలకు కూడా తెలిసిపోతుంది. సరిగ్గా అక్షరాలు పడాల్సిన చోట తెర నల్లబడిపోయింది. అదృష్టం, ఫిల్ము అక్కడ తెగిపోయినట్టుంది అనుకుని గబుక్కున లైట్లు వేశాను.

జనం టీ కోసం లేచారు. జోగారావు గారు కాయితాలతో పరుగున మిషన్ దగ్గరికి వచ్చారు. నేనూ దగ్గరికి వెళ్ళాను.

"ఏంటయ్యా గౌరయ్యా, ఇది ఆఖరి రీలు కదూ! మధ్యలో వేశావేంటి?"

బాపు నా వైపు చూడలేదు. "తప్పైంది సార్. పండుగకని డబ్బలు గడిగినం, నంబర్లు వోయినయ్. నేను పరాకుల ఉన్న" అన్నాడు.

నోరు తెరిచి నేనే ఇచ్చానని చెప్పాల్సింది. ముందు వరసలో ఫణి కూర్చుని ఉన్నాడు. నేను నోరు తెరవలేదు.

జోగారావు గారు హాలంతా ఒకసారి చూశారు. "సరే, మిగిలింది ఎక్కించు. కథ సంగతి నేను చూసుకుంటాను" అన్నారు. వెళ్ళి కుర్చీలో కూర్చుని, కాయితాలు మడిచి జేబులో పెట్టుకుని మైకు తీసుకున్నారు. "ఏడాది గడిచిందండీ. మళ్ళీ వేసవి వచ్చింది. పట్నం చదువులకు వెళ్ళిన కుర్రాడు ఇచ్చిన మాట మరిచిపోలేదు" అని మొదలుపెట్టారు. అంత బాగా ఆయన ఏ సినిమాకూ చెప్పలేదు. చెప్పు తొడిగేసరికి హాలంతా చప్పట్లు. వెనక బెంచీల్లో ముసలమ్మలు కూడా కళ్ళు తుడుచుకున్నారు.

బయట మెట్ల దగ్గర ఫణి నా కోసం ఆగాడు. మొహం వెలిగిపోతోంది. "చూశావా, వచ్చాడు" అన్నాడు. కాసేపు నేల చూసి, "నేనూ వస్తాను పూజా" అన్నాడు. ఆ క్షణం నాకు ఇంకేమీ అక్కర్లేదనిపించింది.

లోపలికి వెళ్ళేసరికి కమిటీ పెద్ద జానకిరామయ్య గారు బాపును నిలబెట్టి మాట్లాడుతున్నారు. "ముప్పై ఏళ్ళ అనుభవం అన్నావు, నాలుగు డబ్బాలు వరసగా పెట్టలేకపోయావా?" బాపు తల వంచుకుని ఫిల్ము చుడుతున్నాడు. తప్పైంది సార్ అని మళ్ళీ అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

వారం తిరిగేసరికి రీళ్ళు తారుమారైన సంగతి ఊరంతా తెలిసింది. బాపుకు ఆ పేరు పడింది. అమ్మ, నంబర్లు కడిగింది తానేనని బాధపడి, మళ్ళీ దసరాకు మిషన్ జోలికే పోలేదు. చిత్రమేమిటంటే, అసలు కథ ఇదని ఎవరైనా చెప్పబోతే మా ఊరి పిల్లలు వినలేదు. "గది ఉత్తదే. మనం జూసిందే అసలు సిన్మా" అన్నారు. దానికి 'ఒంటి చెప్పు సినిమా' అని పేరు పెట్టారు. కాలేజీ ఆడపిల్లలు ఆ పిల్లలాగా నుదుటి మీదికి జుట్టు కత్తిరించుకుని ఇళ్ళల్లో తిట్లు తిన్నారు. మేడ్చల్ నుంచీ తూంకుంట నుంచీ సైకిళ్ళేసుకుని శామీర్‌పేట చెరువు కట్టకు పోవడం మొదలైంది. ఎవరైనా చదువుకో ఉద్యోగానికో ఊరు విడిచి పోతుంటే కట్ట మీద ఒక చెప్పు వదిలేసి రావాలి. అలా చేస్తే వెళ్ళినవాళ్ళు తిరిగొస్తారట. గేదెలు కాసే కుర్మయ్య వచ్చినవాళ్ళందరితో మొరపెట్టుకునేవాడు. "గిదేం రోగం బిడ్డా! ఇడిస్తే రెండిడువున్రి, నాకన్న అక్కరకొస్తయ్!" అని.

స్లోవేనియాలో ఆ సినిమా చూసి ఎవరేం చేశారో నాకు తెలియదు. మా దగ్గర మాత్రం ఎనిమిదేళ్ళు చెప్పులు పోయాయి.

నేనూ ఒకటి వదిలాను. ఫణి రెండు ఉత్తరాలు రాశాడు. మొదటిదానికి జవాబు రాశాను. రెండోదానికి రాయబోతుంటే స్టూడియో ముందు ఎవరో "తారుమారు గౌరయ్యా!" అని కేకేశారు. కలం కదల్లేదు. నా సంతోషం కోసం బాపు పేరు తాకట్టు పెట్టాననిపించింది. ఆ మాట బాపుతో చెప్పేదాకా ఫణికి రాయకూడదనుకున్నాను. బాపుతో చెప్పలేదు. ఫణికి రాయలేదు. తర్వాత రమేష్‌తో పెళ్ళయింది. మంచివాడు, పెళ్ళి వీడియోలు తీస్తాడు. స్టూడియో ఇప్పుడు మేమిద్దరమే నడుపుతున్నాం. బాపు సాయంత్రాలు వచ్చి కూర్చుంటాడు.

రెండువేల ఏడులో, ఎండాకాలం పోయాక, ఒక సాయంత్రం స్టూడియో ముందు కారు ఆగింది. ఫణి దిగాడు, పక్కన భార్య నవ్యశ్రీ. కాస్త ఒళ్ళు చేశాడు. శామీర్‌పేట చెరువు ఆమెకు చూపించి వస్తున్నాడట. కూర్చుని టీ తాగారు. మాటల మధ్యలో ఫణి నవ్వుతూ బాపు వైపు తిరిగాడు.

"అంకుల్, ఆ స్లోవేనియా సినిమా మొన్న పూణేలో దొరికింది. ఇద్దరం చూశాం. తీరా చూస్తే మీరు రీళ్ళు తారుమారు చేశారు! మా నాన్న నాకు ఒక్క ముక్క చెప్పలేదు."

"అవు బాబు, నాదే తప్పు" అన్నాడు బాపు నవ్వుతూ.

"మంచి తప్పే చేశారులెండి. విశాఖలో మొదటి ఏడాది నేను ఏడవకుండా గడిపానంటే ఆ సినిమా వల్లే. తిరిగి వెళ్తాననే అనుకునేవాణ్ణి." ఒకసారి నా వైపు చూశాడు. "రాలేదనుకోండి" అన్నాడు నెమ్మదిగా.

నవ్యశ్రీ కూడా నవ్వింది. ఆమెకు ఏమీ కల్మషం లేదు. అతనికీ లేదు. పదేళ్ళ తర్వాత కూడా మా బాపు ఇంకొకరి ముందు తప్పు ఒప్పుకుంటున్నాడు, నేను పక్కన కూర్చుని టీ కప్పులు సర్దుతున్నాను.

కారు వెళ్ళిపోయింది. బాపు స్టూలు మీద కూర్చుని పాత లెన్సు ఒకటి గుడ్డతో తుడుస్తున్నాడు.

"బాపు, గా డబ్బ నేనే తప్పుగ ఇచ్చిన" అన్నాను. "పొరపాటున గాదు, కావాలనే ఇచ్చిన. నీ పేరు ఖరాబు జేసిన."

బాపు తుడవడం ఆపలేదు. "నాకెర్కే బిడ్డా" అన్నాడు.

"ఎర్కనా! ఎట్ల?"

"ఆఖరి రీలుల ఫిల్ము తక్కువుంటది. డబ్బ చేతిల వడంగనే అల్కగ తగిలింది. ముప్పై ఏండ్లు మోసిన గదా."

"మరి అక్షరాలు వడకముందే తెర నల్లగైంది..."

"రీలు ఆఖరికొస్తే మిషన్ చప్పుడు మారుతది. గప్పుడే చెయ్యి అడ్డం వెట్టిన. నువ్వు టార్చి గొట్టకున్నా వెట్టిన."

చేతిలోని టీ కప్పులు కింద పెట్టి అడిగాను. "నువ్వు బొమ్మ జూడవు గదా బాపు. గా సిన్మా కథ నీకు తెల్వది. నేను ఎందుకు జేస్తున్ననో నీకెట్ల తెలిసింది?"

బాపు లెన్సు పక్కన పెట్టాడు. "బేస్తారం నాడు ఇంట్ల ట్రయలేసినప్పుడు నేను బొమ్మ జూడలే. నిన్ను జూసిన. మూడో రీలుకు నవ్వినవ్. నాలుగో రీలుకు చున్నీ నోట్ల వెట్టుకొని ఏడ్సినవ్. ఐతారం నువ్వు నాలుగోది ముందుగాల ఇచ్చినవ్. నా బిడ్డ నవ్వుకుంట ఇంటికి వోవాలంటే గట్లనే ఎయ్యాలె అనుకున్న. గంతే."

"పదేండ్లు మాటలు వడ్డవ్ గదా!"

"మాటలకేంది. గంపల వెట్టుకొని మోసిన్నా ఏంది?" అన్నాడు. తర్వాత స్టూలు నా వైపు జరుపుకున్నాడు. మొహమాటంగా ఉంది ఆయన మొహం. నేను పుట్టిన్నుంచి బాపును అలా చూడలేదు. "గాని బిడ్డా, గా సిన్మాల ఏమైతది? అందరు చెప్తరు, నాకు సక్కగ ఎవ్వలు చెప్పలే. నువ్వు చెప్పు."

చెప్పాను. మొదటి రీలు నుంచి, వరస తప్పకుండా. చెరువు చెప్పాను, చెప్పు తొడగడం చెప్పాను, ఆ తర్వాత బస్సు చెప్పాను, దుమ్ములో నిలబడిపోయిన పిల్లను చెప్పాను. కళ్ళు తుడుచుకుంటూనే చివరిదాకా చెప్పాను. అంతసేపూ బాపు నా మొహం మీంచి చూపు తిప్పలేదు.